పదమూడు ముక్కల నుంచి పదమూడు పట్టులకు: జగ్గయ్యపేట, నందిగామ మెట్టప్రాంతపు పేకపరిభాష – బ్రిడ్జి ఆటలో తొలి మెళకువలు

వ్యాససంగ్రహం:
కాంట్రాక్టు బ్రిడ్జి నేర్చుకునేవారికి మొదట పాట నియమాలను వల్లె వేయించడం వాడుకలో ఉన్న పద్ధతి. అయితే కోస్తా తెలుగు ప్రాంతాలలో చాలామందికి పదమూడు ముక్కల రమ్మీ ముందే తెలిసి ఉంటుంది. రంగుల పేర్లు, తురుపు వంటి పరిభాష కూడా నోటికి వచ్చి ఉంటుంది. జగ్గయ్యపేట, నందిగామ మెట్టప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని, రమ్మీ ఆటగాడికి ఉన్న అలవాట్లలో బ్రిడ్జికి పనికివచ్చేవి ఏవో, మార్చుకోవలసినవి ఏవో ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక నమూనా పంపకాన్ని ముక్కముక్కగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పేకాట, బ్రిడ్జి, రమ్మీ, తురుపు, పట్టు, డమ్మీ, మెట్ట కృష్ణా.

1. ఉపోద్ఘాతం

జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణాజిల్లాలోనివి. నేడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. కాలువనీటి డెల్టాకు ఎగువన పత్తి, మిరప పండే మెట్టభూములివి. హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారి ఈ నేల మీదుగానే సాగుతుంది. కోస్తా ఊళ్లలో అంతటా లాగే ఇక్కడా పేక అంటే రెండు ఆటలే ముందు గుర్తుకువస్తాయి. ఒకటి మూడుముక్కలాట, రెండోది పదమూడు ముక్కల రమ్మీ. ‘పేకాట’ అనే మాట వినగానే పందెం, అప్పు, పోలీసుల దాడి స్ఫురిస్తాయి. ‘వాడు పేకాడతాడు’ అనే వాక్యం ఒక మనిషి మీద చెప్పే తీర్పు. పిల్లను ఇవ్వబోయే ఇంటివారు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతారు.

న్యాయస్థానం మాత్రం ఈ రెండు ఆటలనూ ఒకే గాటన కట్టలేదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో సాగిన రమ్మీపై వచ్చిన ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ’ వ్యాజ్యంలో 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మూడుముక్కలాట కేవలం అదృష్టం మీద ఆధారపడినదని, రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని అందులో పేర్కొంది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం నైపుణ్యం కిందికే వస్తాయని వివరించింది. రమ్మీలోని అదృష్టం పాలు బ్రిడ్జి పంపకంలో ఉండే అదృష్టం పాటిదేనని కూడా అన్నది. తెలుగునేల మీద పుట్టిన ఒక పేకాట వ్యాజ్యంలో బ్రిడ్జి ఇలా కొలబద్దగా నిలిచింది. ఈ తీర్పు పందేలన్నిటికీ అనుమతిపత్రం కాదన్నది వేరే సంగతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టసవరణలతో నిషేధించాయి.

కొలబద్దగా చూపిన ఆ ఆట మాత్రం మెట్టప్రాంతపు అరుగుల దాకా రాలేదు. దానికి తెలివితేటల కొరత కారణం కాదు. రమ్మీలో నలుగురి చేతుల్లోని ముక్కలను మనసులో లెక్కగట్టే మనిషికి బ్రిడ్జి అందనిది కాదు. అడ్డుపడుతున్నవి రెండు: ఇంగ్లీషు పరిభాష, రమ్మీ నేర్పిన కొన్ని అలవాట్లు.

2. నోట ఉన్న మాటలు

మొదటి అడ్డంకి పైకి కనిపించినంత పెద్దది కాదు. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అనే నాలుగు రంగులు, ఆసు, రాజు, రాణి, జాకీ అనే పెద్దముక్కలు తెలుగువాడుకలో స్థిరపడినవే. వీటిలో కళావరు డచ్చి భాషలోని ‘క్లావర్’కు, ఆటీను ‘హార్టెన్’కు, ఆసు ‘ఆస్’కు, తురుపు ‘ట్రూఫ్’కు ఎంతో దగ్గరగా ఉన్నాయి. డచ్చివారు 17వ శతాబ్దం తొలి సంవత్సరాల నుంచి మచిలీపట్నంలో వర్తకం చేశారు. అదే శతాబ్దంలో జగ్గయ్యపేటకు ఉత్తరాన, నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలోనూ వారికి వర్తకస్థావరం ఉండేది. ఏ మాట ఏ రేవులో దిగిందో తేల్చడం ఈ వ్యాసపరిధిలోనిది కాదు. అయితే ఈ పరిభాష ఇంగ్లీషు క్లబ్బుల ద్వారా కాక అంతకు ముందరి బాటల్లో వచ్చిందని ధ్వనిసామ్యాన్ని బట్టి భావించవచ్చు.

ఇక్కడ గమనించవలసింది ‘తురుపు’ అనే మాట. రమ్మీలో తురుపు లేదు. అయినా ‘తురుపుముక్క’ అనే జాతీయాన్ని పత్రికలు ప్రతి ఎన్నికల కాలంలోనూ వాడుతూనే ఉన్నాయి. పేకలో ఓటమిని చెప్పే ‘బేస్తు’ కూడా ‘బేస్తుపడ్డాడు’ అనే పలుకుబడిగా మిగిలింది. పట్టులు గెలిచే ఆటలు ఒకప్పుడు తెలుగు ఇళ్లలో ఎంత పరిచితమో ఈ పలుకుబళ్లు సూచిస్తాయి. గురజాడ ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట సాగే పేకాట రంగాన్ని చదివినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రమ్మీ ఆ ఆటలను పక్కకు నెట్టింది. మాటలు మాత్రం భాషలో నిలిచిపోయాయి. కనుక బ్రిడ్జి తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు, మరచిపోయిన ఆటల కుటుంబంలోనిదే.

ఈ వ్యాసంలో నలుగురూ తలా ఒక ముక్క వేయగా ఏర్పడేదాన్ని ‘పట్టు’ అని, ముందుగా పట్టుల సంఖ్యను పలికి పోటీపడడాన్ని ‘పాట’ అని వ్యవహరించడమైనది. డమ్మీ, కాంట్రాక్టు, ఫినెస్ అనే మాటలను అలాగే ఉంచడమైనది. డమ్మీ ఎలాగూ ఊరి మాటే.

3. ఆట స్వరూపం

కాంట్రాక్టు బ్రిడ్జి నేటి రూపానికి కారకుడు అమెరికాకు చెందిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్. 1925లో ఓడప్రయాణంలో ఉండగా ఆయన కొత్త లెక్కింపు పద్ధతిని రూపొందించాడు. నలుగురు ఎదురెదురుగా రెండు జోడీలుగా కూర్చుంటారు. జోకర్లు లేని ఒక్క పేకలోని 52 ముక్కలను తలా పదమూడుగా పంచుతారు. పదమూడు పట్టులు ఆడతారు. మొదట వేసిన రంగులోనే మిగిలినవారు వేయాలి. ఆ రంగు చేతిలో లేనప్పుడే మరో రంగు వేయవచ్చు, లేదా తురుపు వేసి పట్టు గెలవవచ్చు. పాటలో పలికిన సంఖ్యకు ఆరు కలిపితే గెలవవలసిన పట్టుల సంఖ్య వస్తుంది. ‘తురుపు లేకుండా మూడు’ అంటే తొమ్మిది పట్టులు. పాట గెలిచిన జోడీలో ఒకరు ఆడతారు. ప్రత్యర్థి మొదటి ముక్క వేయగానే రెండోవారి చేయి బల్ల మీద పరచబడుతుంది. అదే డమ్మీ. అప్పటి నుంచి ఆడేవాడికి ఇరవై ఆరు ముక్కలు తెలుసు. మిగిలిన ఇరవై ఆరు ఎలా చీలి ఉన్నాయన్నదే ప్రశ్న.

చేతి బలాన్ని ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కిస్తారు. పేక మొత్తానికి 40 పాయింట్లు. జోడీకి 25, 26 ఉంటే సాధారణంగా తురుపు లేకుండా తొమ్మిది పట్టులకు ప్రయత్నించవచ్చు.

ఈ 40 పాయింట్ల లెక్క దగ్గరే రమ్మీ ఆటగాడు తడబడతాడు. రమ్మీలో ఆసు, రాజు, రాణి, జాకీ ఒక్కొక్కటి పది పాయింట్ల బరువు. జత కుదరని రాజును మొదటి రెండు మూడు వరుసల్లోనే కొట్టేయడం మంచి ఆటకు గుర్తు. అటువంటివాడు బ్రిడ్జి బల్ల దగ్గర కూర్చుంటే పెద్దముక్కలను త్వరగా వదిలించుకోవాలన్న తొందర చేతివేళ్లలోనే ఉంటుంది. మొదటి నాలుగు పట్టుల్లో నాలుగు ఆసులూ, రాజులూ వేసేస్తాడు. ఆ తర్వాత తొమ్మిది పట్టులపాటు ఎదుటివారు వేసేవి చూస్తూ కూర్చుంటాడు. పెద్దముక్క గెలుచుకునేది ఒక్క పట్టే, కానీ సరైన సమయం వరకు చేతిలో ఉంటే ఎదుటివారి దారిని మూసే తలుపు కూడా అదే. ఈ మార్పు ఒక్కటి మనసుకు ఎక్కితే తక్కినది సగం వచ్చినట్టే.

మరో అలవాటు మాత్రం నేరుగా పనికివస్తుంది. ఏ ముక్క పడింది, ఎవరు ఏది ఎత్తారు, ఎవరు దేన్ని వదిలారు అన్నది రమ్మీ ఆటగాడు అప్రయత్నంగా గుర్తుంచుకుంటాడు. పైగా బ్రిడ్జిలో ఈ లెక్క తేలిక. రెండు పేకలు కలిపి ఆడే రమ్మీలో ఒకే ముక్క రెండుసార్లు రావచ్చు. ఇక్కడ ప్రతి రంగులో పదమూడే.

4. నమూనా పంపకం: మొదటి ముక్కకు ముందే లెక్క

దక్షిణాన కూర్చున్న ఆటగాడు తురుపు లేకుండా తొమ్మిది పట్టులకు ఒప్పుకున్నాడు. అతని ముక్కలు: ఇస్పేటులో ఆసు, 8, 5, ఆటీనులో ఆసు, రాజు, 7, డైమనులో 9, 8, 4, కళావరులో ఆసు, 9, 7, 4. ఎదురుగా ఉత్తరాన డమ్మీ ముక్కలు: ఇస్పేటులో 7, 4, ఆటీనులో రాణి, 6, 3, డైమనులో ఆసు, రాణి, జాకీ, 10, 5, కళావరులో రాజు, 8, 2. పడమటి ఆటగాడు ఇస్పేటు 6 వేశాడు.

కొత్తవాడు వెంటనే డమ్మీ నుంచి ఒక ముక్క లాగుతాడు. అక్కడే ఆగాలి. ఆ ముక్కను తాకేలోపు గెలిచే పట్టులను లెక్కించాలి. ఇస్పేటు ఆసు ఒకటి, ఆటీనులో మూడు, డైమను ఆసు ఒకటి, కళావరులో రెండు: మొత్తం ఏడు. రెండు తక్కువ. అవి రావలసింది డైమనులో. బయట ఉన్న పెద్దముక్క రాజు ఒక్కటే. దక్షిణం నుంచి 9 వేసి, డమ్మీలో చిన్నముక్క వదలడమే ఫినెస్. రాజు పడమట ఉంటే ఒక్క పట్టూ పోదు. తూర్పున ఉంటే ఒకటి పోతుంది, మిగిలిన నాలుగు డైమనులు వస్తాయి. అంటే ఫినెస్ ఫలించే అవకాశం సగమే అయినా, ఏ పక్క ఉన్నా పట్టులు సరిపోతాయి.

అలాంటప్పుడు ప్రమాదం ఎక్కడుంది? ఇస్పేటులో ఉంది. ఆ రంగులో ఎనిమిది ముక్కలు ప్రత్యర్థుల దగ్గర ఉన్నాయి. తురుపు లేని ఆటలో పొడుగు రంగులోని పైనుంచి నాలుగో ముక్కను మొదట వేయడం ఆనవాయితీ. దీనితో ‘పదకొండు సూత్రం’ అమలవుతుంది. పదకొండు నుంచి ఆ ముక్క విలువను తీసివేస్తే, మిగిలిన మూడు చేతుల్లో దానికన్నా పెద్దవి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. పదకొండులో ఆరు పోగా అయిదు. డమ్మీలోని 7, తన చేతిలోని ఆసు, 8 కలిపి మూడు కనిపిస్తూనే ఉన్నాయి. కాబట్టి తూర్పు చేతిలో 6కన్నా పెద్దవి రెండే.

డమ్మీ నుంచి 4 పడింది. తూర్పు రాణి వేశాడు. రమ్మీలో ఆరితేరినవాడి చేయి ఇక్కడ ఆసు మీదికి పోతుంది: ఎలాగూ గెలిచే ముక్కే కదా! అలా గెలిచి డైమను 9 వేస్తే, తూర్పు రాజుతో పట్టి, మిగిలిన ఇస్పేటుల్లో ఒకటి వేస్తాడు. ఆపగల ముక్క దక్షిణంలో లేదు. నాలుగు ఇస్పేటులు, ఒక డైమను కలిపి అయిదు పట్టులు పోతాయి. ఎనిమిదే మిగులుతాయి. కాంట్రాక్టు ఒక్క పట్టుతో ఓడిపోతుంది.

ఆసును దాచాలి. దక్షిణం 5 వేసి రాణిని గెలవనివ్వాలి. తూర్పు మళ్లీ ఇస్పేటు 10 వేస్తాడు. దక్షిణం 8, పడమర 2, డమ్మీ 7. ఈ పట్టూ తూర్పుదే. పడమర వేసిన ఆ 2ను గమనించినవాడికి చాలా తెలుస్తుంది. మొదట వేసిన 6 పైనుంచి నాలుగోది. దాని కింద 2 కూడా ఉంది. కనుక పడమరకు కనీసం అయిదు ఇస్పేటులు, తూర్పుకు మూడుకు మించవు. మూడోసారి తూర్పు 3 వేయగానే ఆసుతో పట్టాలి. డమ్మీ నుంచి కళావరు 2 వదిలితే నష్టం లేదు. ఇప్పుడు తూర్పు చేతిలో ఇస్పేటు లేదు. డైమను 9 వేస్తే తూర్పు రాజుతో గెలిచినా, జోడీకి ఇస్పేటు అందించే దారి తెగిపోయింది. పడమర చేతిలో ఇస్పేటు రాజు, జాకీ గెలిచే ముక్కలుగానే ఉన్నా, ఆడే వంతు అతనికి రాదు. పోయినవి రెండు ఇస్పేటులు, ఒక డైమను. వచ్చినవి పది పట్టులు.

ఒకవేళ ఇస్పేటులు నాలుగు – నాలుగుగా చీలి ఉంటే? అప్పుడు తూర్పుకు ఇంకొకటి మిగిలి ఉంటుంది. కానీ పోయేవి మూడు ఇస్పేటులు, ఒక డైమను. తొమ్మిది పట్టులు అప్పుడూ దక్కుతాయి. రెండు పట్టులు వదులుకోవడం భయపెట్టే పనిలా తోస్తుంది గాని, ఏ చీలికకు ఎన్ని పోతాయో ముందే లెక్క వేసుకున్నవాడికి అందులో సాహసం ఏమీ లేదు.

5. తురుపు ఉన్నప్పుడు

తురుపు ఉన్న ఆటలో గెలిచే పట్టులకన్నా పోయే పట్టులను లెక్కించడం సులువు. ‘ముందు ప్రత్యర్థుల తురుపులు లాగేయాలి’ అనేది కొత్తవారికి చెప్పే మొదటి మాట. అది సగమే నిజం.

ఇస్పేటు తురుపు అనుకుందాం. ఆడేవాడి చేతిలో ఆసు, రాజు, రాణి, 7, 5; డమ్మీలో జాకీ, 6, 3. బయట అయిదు తురుపులు ఉన్నాయి. అవి మూడు – రెండుగా చీలే అవకాశం 68 శాతం, నాలుగు – ఒకటిగా 28 శాతం, అయిదూ ఒకేచోట ఉండేది 4 శాతం. ఆడేవాడికి డైమనులో ఆసు, 7, 4 ఉండి, డమ్మీలో డైమను ఒక్కటే ఉందనుకుందాం. ముందే మూడుసార్లు తురుపు లాగితే డమ్మీ తురుపులు కూడా అయిపోతాయి. 7, 4 రెండూ పోయే పట్టులే. అలాకాక మొదట డైమను ఆసు ఆడి, 7ను డమ్మీ తురుపుతో గెలిచి, మరో రంగులో చేతికి తిరిగివచ్చి, 4ను కూడా అలాగే గెలిచి, ఆ తర్వాత తురుపు లాగితే రెండు పట్టులు అదనంగా వస్తాయి. తురుపులు తక్కువగా ఉన్న చేయి గెలిస్తేనే అదనం. ఎక్కువగా ఉన్న చేతితో గెలిచినది సాధారణంగా ఎలాగూ రావలసిన పట్టే.

డమ్మీతో అటువంటి పని లేనప్పుడు మాత్రం తురుపు వెంటనే లాగాలి. బయట ఉన్నవి అయిదూ పడ్డాయని తెలియగానే ఆపాలి. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అని లాగినవాడు తన రెండు తురుపులను ఒకే పట్టులో పోగొట్టుకుంటాడు.

చీలికల్లో ఒక చిన్న విశేషం ఉంది. బయట ఉన్నవి అయిదు, ఏడు వంటి బేసిసంఖ్య అయితే సాధ్యమైనంత సమంగా చీలడానికే అవకాశం ఎక్కువ. నాలుగు, ఆరు, ఎనిమిది అయితే సమంగా చీలడం తక్కువ. ఆరు ముక్కలు మూడు – మూడుగా చీలేది 36 శాతం, నాలుగు – రెండుగా చీలేది 48 శాతం. మొత్తం పంపకాల సంఖ్యను తలచుకొని బెదరనక్కరలేదు. ఒక్క చేతికి రాగల పదమూడు ముక్కల కూర్పులే 63,501 కోట్లకు పైన. ఆట బల్ల దగ్గర అవసరమయ్యేవి ఈ నాలుగైదు శాతాలే.

6. ఎదురుజోడీ ఆట

రమ్మీలో ప్రతి ఒక్కరూ ఒంటరి. పక్కవాడికి పనికిరాని ముక్క వేయడమే నేర్పు. బ్రిడ్జిలో ఎదుట కూర్చున్నది తనవాడు. ముక్క దాచడమే కాదు, తెలియజెప్పడమూ నేర్చుకోవాలి. పైన చెప్పిన నాలుగో ముక్క అలాంటి కబురే. పడమర 6కు బదులు రాజు వేసి ఉంటే తూర్పుకు అతని రంగు పొడుగు తెలిసేది కాదు. పట్టులో రెండో చేయి చిన్నది వేయాలి, మూడో చేయి పెద్దది వేయాలి అనే పాతమాటలు కూడా కారణం తెలిసి పాటించవలసినవే. రెండో చేయి తొందరపడి రాజు వేస్తే ఆడేవాడి ఆసుకు తేరగా బలి అవుతుంది. మూడో చేయి చిన్నది వేస్తే ఆడేవాడు చౌకగా పట్టు గెలుస్తాడు. పై పంపకంలో తూర్పు మొదటి పట్టుకు రాణి వేసింది ఇందుకే.

కబుర్లు ముక్కలతోనే చెప్పాలి. కనుసైగ, దగ్గు, ముక్కను బల్ల మీద గట్టిగా కొట్టడం నిషిద్ధం. అరుగు మీది ఆటలో వీటిని సరదాగా చూస్తారు. బ్రిడ్జిలో అవి మోసం.

ఈ ఆట వయసు అడగదని 2018 జకార్తా ఆసియా క్రీడలు చూపించాయి. పురుషుల జంట విభాగంలో భారతదేశానికి స్వర్ణం తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కు అప్పటికి 60 ఏళ్లు, శివనాథ్ సర్కార్‌కు 56.

7. సాధనక్రమం

పాట పద్ధతులు పెద్ద శాస్త్రం. వాటితో మొదలుపెడితే నెలల తరబడి ముక్క వేసే మెళకువ దగ్గరికే రారు. ఫ్రాన్స్, నెదర్లాండ్స్ దేశాలలో 1990లలో ప్రచారంలోకి వచ్చిన ‘మినీ బ్రిడ్జి’ ఈ చిక్కును తప్పిస్తుంది. నలుగురూ తమ పాయింట్లను పైకి చెబుతారు. ఎక్కువ ఉన్న జోడీ ఆడుతుంది. అందులోనూ ఎక్కువ ఉన్నవారు డమ్మీని చూశాక తురుపునూ లక్ష్యాన్నీ నిర్ణయించుకుంటారు. ఇక మిగిలింది ముక్క వేయడమే. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో బ్రిడ్జి క్లబ్బు కోసం వెదకవలసిన పని లేదు. రమ్మీ తెలిసిన నలుగురు, జోకర్లు తీసిన ఒక్క పేక, లెక్క రాసుకునే కాగితం చాలు.

ఒక్క జాగ్రత్త కావాలి. ఆట ముగియగానే ముక్కలన్నీ పోగేసి కలిపేయడం రమ్మీ బల్ల ఆచారం. ఇక్కడ ఎవరి ముక్క వారు తమ ముందే బోర్లించి ఉంచుకోవాలి. గెలిచిన పట్టుకు ముక్కను నిలువుగా, పోయినదానికి అడ్డంగా పెడితే లెక్క కూడా అక్కడే కనిపిస్తుంది. పదమూడో పట్టు అయ్యాక నలుగురూ తమ ముక్కలను మళ్లీ చేతికి తీసుకొని, మొదట ఎవరు ఏది వేశారో అక్కడి నుంచే ఆట తిరిగి ఆడవచ్చు. పై నమూనా పంపకాన్నే ఒకసారి ఇస్పేటు ఆసును మొదటి పట్టుకే వేసి, మరొకసారి మూడో పట్టు వరకు దాచి ఆడి చూడవచ్చు. పంచిన ముక్కలు అవే. ఒకసారి ఎనిమిది ముక్కలు నిలువుగా ఉంటాయి, మరొకసారి పది.